పెండ్లిపత్రిక మందమంత సందు

మా ఆయన తెలుగు పండితుడు. ఆదోనిలో ఒక బడిలో పిల్లలకు ఛందస్సు చెప్తాడు. గురువారం సాయంత్రం భజన మందిరంలో హార్మోనియం వాయిస్తాడు. రోజూ పొద్దున నా జీపు తోస్తాడు. ఈ మూడింటిలో ఆయనకు పేరు తెచ్చింది మూడో పనే. తెల్లపంచె ఎగగట్టి, కండువా నడుముకు బిగించి, తల వంచుకుని తోస్తూ ఉంటాడు కాబట్టి మా వీధిలో చాలామందికి ఆయన వీపు తెలిసినంత బాగా ముఖం తెలియదు.

జీపు మా నాన్నది. ఎప్పుడో మిలిటరీ వాళ్ల వేలంలో కొన్న పెట్రోలు జీపు, నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆస్పరి పక్క మెట్ట పొలాల్లో నాన్న దాన్ని ఎద్దులకంటే ఎక్కువ తిప్పాడు. తొలకరి వాన పడిందంటే మమ్మల్నందరినీ అందులో కుక్కి జొన్నగిరికి వజ్రాల వేటకు తీసుకుపోయేవాడు. మాకు ఒక్క వజ్రమూ దొరకలేదు. ఒకసారి అమ్మకు ఏదో తళుక్కుమంటూ దొరికితే, ఎవరైనా వింటారేమోనని ఆస్పరి దాకా ఆరుగురం నోరు మెదపకుండా కూర్చున్నాం. ఇంటికొచ్చి కడిగి చూస్తే అది పగిలిన సోడాబుడ్డి ముక్క. నాన్న పోయాక తమ్ముడు ట్రాక్టరు తీసుకున్నాడు, నేను జీపు అడిగి తెచ్చుకున్నాను. నేను పనిచేసే బడి నల్లరేగడి మధ్యలో ఉంది, వాన పడితే స్కూటర్లు ఆ దారిలో దిగబడిపోతాయి. ఇది పైకి చెప్పే కారణం. అసలు కారణం, ఆ సీట్లో కూర్చుంటే నాకు నాన్న బీడీ వాసన వస్తుంది. ఈ మాట మా ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్తే దాని మీద పద్యం రాస్తాడని భయం.

జీపుకు ఉన్న రోగం ఒకటే. ఇంజను పక్కన టోపీలాంటి మూత ఒకటి ఉంటుంది. దాని కింద రెండు చిన్న లోహపు మొనలు, వాటిని పాయింట్లు అంటారు. అవి ముద్దు పెట్టుకుని విడిపోయినప్పుడల్లా నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వతో బండి నడుస్తుంది. విడిపోయినప్పుడు వాటి మధ్య ఎంత సందు ఉండాలో అంతే ఉండాలి. ఎక్కువైనా కష్టం, తక్కువైనా కష్టం. పాతకాలం పాయింట్లు ఏళ్ల తరబడి వచ్చేవి. ఇప్పుడు దొరికేవి నెల తిరక్కుండానే నల్లబడతాయి, సందు మూసుకుపోతుంది, మా ఆయన పంచె ఎగగడతాడు.

ఆ సందు సరిచేసేది ఎమ్మిగనూరులో ఒక ముసలి మెకానిక్కు. నాన్నకు స్నేహితుడు, నేను సిన్నాయనా అని పిలుస్తాను. మగ్గాల మీద పుట్టి పెరిగిన మనిషి, మగ్గం వదిలేసి పానా పట్టాడు. వేలి కొసతో నూలు సన్నమో దొడ్డో చెప్పగలిగిన వాళ్ల వంశం కాబట్టి సందు కొలవడానికి ఇనప రేకుల కొలబద్దలు ఆయనకు నచ్చవు. ఆయన కొలత పెండ్లిపత్రిక. అట్టను వేలెడంత వెడల్పున కత్తిరించి పాయింట్ల మధ్య దూరుస్తాడు. బిగువుగా కదిలితే సందు సరిపోయినట్టు. ఎవరు పెండ్లికి పిలవడానికొచ్చినా ముందు పత్రికను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తాడు, ముహూర్తం తర్వాత చదువుతాడు. పల్చటి పత్రిక తెచ్చినవాళ్ల పెండ్లికి పోడని ఊర్లో చెప్పుకుంటారు.

"ఇప్పుడందరూ పత్రిక ఫోన్లో పంపిస్తాండారమ్మా," అని ఒకసారి నా ముందు వాపోయాడు. "దాన్ని యాడ దూర్చల్ల నేను?"

ఆయన ముప్పై ఏళ్లుగా వెతికి వెతికి సరిగ్గా సరిపోయిన పత్రిక ఒకటే ఒకటి కనిపెట్టాడు. అది మాది. ఇరవై రెండేళ్ల కిందట నాన్న స్వయంగా తీసుకుపోయి ఇచ్చిన మా పెండ్లిపత్రిక. దాన్నుంచి కత్తిరించిన ముక్కను మా జీపు కోసమే విడిగా దాచుకున్నాడు. వచ్చిన చిక్కేమిటంటే, ఆ పత్రిక లోపల మా ఆయన స్వయంగా రాసిన సీసపద్యం ఉండేది. మా నాన్న దగ్గర మంచి మార్కులు కొట్టేయాలని మూడు వారాలు కష్టపడి రాశాడట. సిన్నాయన కత్తెర నేరుగా ఆ పద్యం మీదుగానే పోయింది.

"మీ ఆయన పద్యం మంచి మందంగా ఉంటాదమ్మా," అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పును ఇంటికి మోసుకుపోయే ధైర్యం నాకు లేకపోయింది.

జీపు మా ఇంటికి వచ్చి ఇట్లా ఎనిమిదేళ్లు గడిచాయి. ఒకరోజు పత్తి మార్కెట్ యార్డు ముందర జీపు ఆగిపోయింది. మా ఆయన దిగి తోశాడు. ఎప్పుడూ దగ్గుతూ దగ్గుతూ లేచే ఇంజను ఆరోజు ఒక్కసారిగా అందుకుంది. వెనక బంపరుకు పంచె కొస తగులుకున్న సంగతి నాకేం తెలుసు? యాభై గజాలు పోయాక అద్దంలో చూస్తే మా ఆయన రోడ్డు మీద, ఆయన పంచె నా వెనక. ఆటోలో పోతున్న ఆయన శిష్యులు నలుగురు లేచి నిలబడి నమస్కారం చేశారు. లాల్చీ మోకాళ్ల దాకా ఉంది కాబట్టి పరువు సగం దక్కింది.

ఆ సాయంత్రం ఆయన కాఫీ తాగలేదు.

"హాలహర్విలో ఒకాయప్ప ఉండాడు, పాత జీపులంటే పడి సస్తాడు. పై శుక్రవారం తొమ్మిదికి వచ్చి తీసకపోతాడు. మాట్లాడేసినా," అన్నాడు.

బడిలో శకటరేఫ దగ్గర కూడా తడబడని మనిషి, కోపం వస్తే నేరుగా వాళ్ల ఊరి మాటలోకి దిగిపోతాడు. నేను తల వంచుకుని, నాకు అలవాటు లేనంత మెత్తగా అడిగాను.

"ఒక వారం సూడప్పా. శనివారం నుంచి శుక్రవారం దాకా ఏడు పొద్దులు. బడికి పోయే ఏళకు ఒక్క తిప్పుడుకు స్టార్టయితే ఉంచుకుందాం. ఒక్క దినం తప్పినా నేనే తాళం తీసి ఆయప్ప సేతిలో పెడతా."

"నేను తోసేది లేదు."

"నిన్ను తొయ్యమని ఎవురన్నారు?"

నేను వంచుకున్న తలలో ఏముందో ఆయనకు తెలియదు. నెల కిందటే ఫోన్లో వీడియోలు చూసి, పాయింట్లు అవసరం లేని కొత్త సరంజామా తెప్పించి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి ఉన్నాను. అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా, అయస్కాంతాలు పొదిగిన ఒక ఉంగరం, రెండు తీగలు. రెండు మొనలు తాకడం, అరగడం ఉండదు. ఉంగరం తిరుగుతుంటే డబ్బాయే పసిగట్టి రవ్వ పుట్టిస్తుంది. శనివారం రాకముందే, చీర కొనుక్కొస్తానని చెప్పి ఎమ్మిగనూరుకు బయల్దేరాను. నేను చీర అడగడం అరుదు కాబట్టి ఆయన సంతోషించాడు. ఆ ప్రయాణానికి కూడా ఆయనే తోశాడు.

సిన్నాయన డబ్బాను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంట్లో ఏముంది?"

"తెల్దు సిన్నాయనా."

"నాకూ తెల్దు. పాడైతే ఇప్పి సూసేకి దీనికి స్క్రూ కూడా ల్యాదే. ఇంగ నెలనెలా నువ్వు నా తావుకు రావల్సిన పని ల్యాదు గదా?"

"వస్తాలే. పెండ్లిపత్రికలు తెచ్చిస్తా."

నవ్వలేదు. అలిగి కూడా పని మాత్రం శుభ్రంగా చేశాడు. పాత పాయింట్లు, వాటి పళ్లెం, ఒక చిన్న స్క్రూడ్రైవరు, మా పత్రిక ముక్క అన్నీ గుడ్డలో మూటగట్టి జీపు ముందర అరలో పెట్టాడు. పోయేటప్పుడు వేలు చూపించి చెప్పాడు.

"ఒక్క మాట ఇనుకో. బ్యాటరీ తీగలు తారుమారైనాయో, దీని పానం ఆడికాడే పోతాది. మీ ఆయనకు సెప్పు."

ఈ మాట ఎందుకన్నాడో చెప్పాలి. మా జీపు డైనమో ఎప్పుడో మూలనపడింది, బండి తనంతట తాను బ్యాటరీకి చార్జింగు ఎక్కించుకోలేదు. భజన మందిరంలో చార్జరు ఉంది కానీ వాళ్లకు బ్యాటరీ లేదు. కరెంటు పోతే మైకు మూగబోతుంది. అందుకని ప్రతి గురువారం మా బ్యాటరీ భజనకు పోతుంది, వాళ్ల మైకు నడుస్తుంది, మా చార్జింగు నడుస్తుంది. స్కూటరు ముందర పెట్టుకుని తీసుకుపోయేదీ, తెచ్చి బిగించేదీ మా ఆయనే. రెండు తీగలూ నల్లవే, గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి, చేతికి ఏది వస్తే అది తగిలించేవాడు. పాత పాయింట్లకు ఆ తేడా పట్టింపు లేదు. ఎటు పెట్టినా బండి అంతే బాగా మొరాయించేది.

సిన్నాయన చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. చెప్తే డబ్బా సంగతి బయటపడుతుంది. జీపుకు తనంతట తనకే బుద్ధి వచ్చిందని ఆయన అనుకుంటే చూడాలని నాకు ఒకటే సరదా.

శనివారం పొద్దున ఆయన అరుగు మీద నిలబడి చూస్తుండగా తాళం తిప్పాను. తాళం పూర్తిగా తిరగకముందే ఇంజను అందుకుంది. ఆయన అలవాటు కొద్దీ పంచె ఎగగట్టి ఉన్నాడు, ఇప్పుడు దించాలో వద్దో తెలియక అట్లే నిలబడ్డాడు. ఆదివారం బడి లేకపోయినా పందెం పందెమే అని తిప్పాను, అందుకుంది. సోమవారం పక్కింటావిడను కూడా పిలిచి చూపించాను. మంగళవారం ఆయన బానెట్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమన్నా సేసినావా?" అన్నాడు. "కొబ్బరికాయ కొట్టినా," అన్నాను. బుధవారం "ఎమ్మిగనూరులో తెచ్చిన చీర కట్టుకో ఒకసారి, సూస్తా," అన్నాడు. "ఫాలు కుట్టేకిచ్చినా," అన్నాను. గురువారం కూడా గెలిచాను. గెలుస్తుంటే మనిషికి ఒళ్లు తెలియదు. ఆ రోజు బడి నుంచి వచ్చి, లోపల గదిలో పరీక్ష పేపర్లు దిద్ది తల ఎత్తేసరికి ఆయన బ్యాటరీని భజనకు తీసుకుపోవడం, తెచ్చి బిగించడం కూడా అయిపోయింది. చెయ్యి కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్నాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

శుక్రవారం ఆరున్నరకు, ఎందుకైనా మంచిదని ఎవరూ చూడకుండా ఒకసారి తిప్పి చూసుకుందామని వెళ్లాను. ఇంజను తిరిగింది కానీ అందుకోలేదు. ఇంకోసారి, ఇంకోసారి. ఏడెనిమిది సార్లు తిప్పాక బానెట్ ఎత్తితే కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది. బ్యాటరీ వైపు చూశాను. సిన్నాయన తగిలించిన తీరు నాకు గుర్తుంది, తీగలు తారుమారుగా ఉన్నాయి. నాన్న సీట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే ఫోను చేశాను.

"సిన్నాయనా, డబ్బా పాయె."

ఆయన నవ్వు ఎంతసేపు సాగిందంటే ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"ఎన్ని దినాలు బతికింది?"

"ఆరు. నగినంత సేపు నగి, ఏం సెయ్యాల్నో సెప్పు. తొమ్మిదికి ఆయప్ప వచ్చేస్తాడు, బండి తీసకపోతాడు."

అప్పుడు ఆయన గొంతు మారింది.

"నేను బస్సెక్కి వచ్చేతలికి పది దాటుతాది. ముందల అరలో మూట ఉందా? డబ్బా ఊడబెరికి పాత పళ్లెం బిగియ్యి. హ్యాండిలుతో ఇంజను మెల్లగా తిప్పుకుంటా పాయింట్లు బాగా ఇచ్చుకున్న తావుకు తీసకరా. అప్పుడు ఒకరు పత్రిక పట్టుకోవల్ల, ఒకరు స్క్రూ బిగియ్యల్ల. ఎంతమంది ఉండారు ఆడ?"

"ఒక్కదాన్నే."

"మీ ఆయన్ని పిల్సు. బిగిచ్చేటప్పుడు సందు జరుగుతాది, ఒక్కదాని సేత కాదు."

పందెంలో నేను ఎవరి మీద గెలవాలో వాళ్లనే సాయం అడగాలి. వేరే దారి లేదు. ఆయన అప్పుడే స్నానం చేసి తడి తలతో వాకిట్లోకి వచ్చాడు. ఎత్తి ఉన్న బానెట్ చూశాడు, నా నల్లటి చేతులు చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఓహో! అయిపోయిందా?"

"ఇంకా బడి ఏళ కాలేదు. ఇట్ల రాప్పా, నీకొకటి సెప్పల్ల."

డబ్బా సంగతి, బియ్యం సంగతి, ఎమ్మిగనూరు సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన అంతా విని మొదట అడిగింది, "అయితే చీర?"

"చీర ల్యాదు."

"ఫాలు కుట్టేకిచ్చినా అంటివి గదే!"

"అంటి. నిన్న బ్యాటరీ తీగలు ఎట్ల పెట్టినావు?"

"ఎట్ల పెడ్తారు? ఎప్పట్ల. ఎనిమిదేండ్లుగా సేతికి ఏదొస్తే అది పెడతాండా, ఎప్పుడన్నా ఇట్ల పెట్టల్ల అని సెప్పినావా?" అని ఆగి, కాలిపోయిన డబ్బా వైపు చూసి మెల్లగా అన్నాడు. "నాకొక మాట సెప్పింటే సూసి పెడ్తుంటి గదా."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు తిట్టడం నాకు వచ్చు. స్క్రూడ్రైవరు తీసుకుని ఇంజనులోకి తల దూర్చాను.

పళ్లెం బిగించేసరికి ఎనిమిది దాటింది. ఆయన ముందర నిలబడి, నేను చెప్పిన చోట ఆగేదాకా హ్యాండిలు తిప్పాడు. తర్వాత మూటలోంచి పత్రిక ముక్క తీసి ఆయన చేతికిచ్చాను. పాయింట్ల మధ్య దూర్చి కదలకుండా పట్టుకోమన్నాను. ఆయన దూర్చలేదు. దాన్ని వెలుగులోకి పట్టుకుని చూస్తున్నాడు. అంచున పసుపు మరక, మధ్యలో నూనె, ఆ నూనెలోంచి సగంలో తెగిన అక్షరాల పంక్తి.

"ఇది నా పద్యం," అన్నాడు.

"సిన్నాయన కత్తిరిచ్చినాడు. నేను కాదు."

"రెండో పాదం. సరిగ్గా యతి కాడ తెగగోసినాడు మహానుభావుడు." కళ్లజోడు పైకి నెట్టుకుని, ఆ ముక్క మీద లేని మిగతా పాదాన్ని అక్కడే, బానెట్ కింద నిలబడి, రాగం తీసి చదివాడు. ఇరవై రెండేళ్ల తర్వాత ఒక్క అక్షరం తడుముకోలేదు. నేను మళ్లా మళ్లా అడిగినా ఎప్పుడూ చదివి వినిపించని పద్యం అది.

"ఎన్నాళ్లుగా దూరుస్తాండాడు దీన్ని ఈ బండిలో?"

"మన పెండ్లయినప్పట్నుంచి. వేరే ఏ పత్రికా దీనికి సరిపోల్యాదంట."

"నేను ఎనిమిదేండ్లుగా తోసింది దీన్నా?" అన్నాడు. ముక్కను పాయింట్ల మధ్య దూర్చి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అట్ట కదలలేదు. నేను స్క్రూ బిగించాను.

తర్వాత లోపలికి పోయి దేవుడి గూట్లో కుంకుమ భరిణె తెచ్చాడు. నేను బ్యాటరీ తీగలు సరిగ్గా మార్చి తగిలించాక, ఎక్కడ అని అడిగి, ప్లస్సు తీగకూ దాని మొనకూ ఇంతింత బొట్టు పెట్టాడు.

"ఇంగ తప్పుపోదు," అన్నాడు.

తొమ్మిదికి హాలహర్వి ఆయన వచ్చేశాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, టైర్లను తట్టి చూసుకుంటూ, తెలుగులో సగం కన్నడలో సగం మెచ్చుకుంటూ జీపు చుట్టూ తిరిగాడు. నేను పోయి సీట్లో కూర్చున్నాను. బడికి పోయే వేళ. ఏడో పొద్దు. ఒక్క తిప్పుడు. మా ఆయన అరుగు మీద నిలబడ్డాడు. ఈసారి పంచె దించి ఉంది.

తిప్పాను. పొద్దున నేను ఊరికే తిప్పి తిప్పి అలిసిపోగొట్టిన బ్యాటరీ రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది.

నేను ఓడిపోయాను. మాట ఇచ్చిన ప్రకారం తాళం తీయడానికి చెయ్యి పెట్టాను. చెయ్యి రాలేదు. అద్దంలో ఏదో తెల్లగా కదిలింది. చూస్తే మా ఆయన అరుగు దిగి, పంచె ఎగగట్టి, కండువా నడుముకు బిగించి బండి వెనక్కు వచ్చేశాడు.

"రెండో గేరు వెయ్యి," అన్నాడు. నాకు గేరు చెప్పడం ఆయన జన్మలో అదే మొదలు.

వేశాను. వీధి మలుపు దాకా తోశాడు. క్లచ్ వదిలేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి మా నాన్న కాలంలో లేచినట్టు గట్టిగా లేచింది. వెనక ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. హాలహర్వి ఆయన పరుగున వచ్చి అడగడం నాకు వినబడింది.

"ఏం సార్, తోస్తే గానీ పోదా ఇది?"

"పోదప్పా."

"ఐనా పర్వాల్యా, నేను తీసకపోతా."

"నువ్వు బండిని తీసకపోతావు సరే," అన్నాడు మా ఆయన, ఊపిరి అందుకుని. "తోసేటోన్ని యాడ తెచ్చుకుంటావు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దిగి ఆయన దగ్గరికి పోదామనిపించింది. కానీ యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజను ఆగిపోతుంది, మళ్లీ తోయించాలి. అందుకని కూర్చున్న చోటే కూర్చుని హారన్ కొట్టాను. ఆయన హాలహర్వి ఆయనకు దండం పెట్టి, రెండు చేతులతో పంచె పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు.